లెక్క అడగని డబ్బు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను 1974 పదో తరగతి బ్యాచ్. 1979లో తపాలా శాఖలో క్లర్కుగా చేరి 2018లో రిటైరయ్యాను. ఆ 39 ఏళ్లలో ఎక్కువ భాగం సేవింగ్స్ బ్యాంకు కౌంటర్ వెనకాలే గడిచింది. మన కార్యదర్శి గారు ఫోన్ చేసి, "పొదుపు గురించి నాలుగు మాటలు చెప్పండమ్మా" అన్నారు. "పొదుపు గురించి నలభై ఏళ్లు చెప్పాను బాబూ, ఈసారి ఖర్చు గురించి చెబుతాను" అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత "సరే, కానీ పదిహేను నిమిషాలే" అన్నారు. కాబట్టి టైము కూడా ఖర్చు లెక్కలోకే వస్తుంది.

నేను మాట్లాడేది పెద్ద ఖర్చుల గురించి కాదు. ఇల్లు, పెళ్లి, చదువు, ఆసుపత్రి — వీటి గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నెల జీతం మీద బతికే మనిషి తన కోసం, తన మనసు కోసం పెట్టుకునే చిన్న ఖర్చు గురించి నేను చెప్పదలిచాను. దాన్ని చిన్న విలాసం అందాం. మా శాఖవాళ్లకు విలాసం అంటే ఇంకో అర్థం కూడా ఉంది. పూర్వం ఉత్తరం మీద రాసే చిరునామాను విలాసం అనేవారు. మనిషి ఎక్కడ ఉంటాడో చెప్పేది విలాసం. ఈ రెండు అర్థాలూ ఒకే మాటలో ఇమడడం నాకెప్పుడూ బాగానే అనిపిస్తుంది. ఎవరైనా నాలుగు రూపాయలు మిగిలితే దేని మీద పెడతారో చూస్తే, ఆ మనిషి మనసు ఎక్కడ కాపురం ఉందో తెలిసిపోతుంది.

మాది చీరాల పక్కన జాండ్రపేట. నేతపని వాళ్లం. మా నాన్న గుంట మగ్గం మీద నేసేవారు. అమ్మ కండెలు చుట్టేది. మాస్టర్ వీవర్ నూలు ఇస్తాడు, చీర నేసి ఇస్తే మజూరీ ఇస్తాడు. వానాకాలంలో మగ్గం గుంటలోకి నీళ్లొస్తే పని ఉండదు, పని లేకపోతే మజూరీ ఉండదు. అలాంటి ఇంట్లో మా నాన్నకొక విలాసం ఉండేది. అది రేడియో. మగ్గం పక్కన గూట్లో పెట్టుకుని విజయవాడ కేంద్రం వింటూ నేసేవారు. ఆ కేంద్రం 1948 డిసెంబర్ 1న మొదలైంది. మా పేటలో చాలామంది నేతగాళ్లకు అదే గడియారం, అదే పత్రిక, అదే తోడు. నాన్న కాళ్లు తొక్కుడు కర్రల మీద, చేయి నాడె తాడు మీద, చెవి రేడియో మీద ఉండేవి.

ఆ రోజుల్లో రేడియో ఉంటే లైసెన్సు ఉండాలి. ఏటా పోస్టాఫీసుకి వెళ్లి డబ్బు కట్టి పుస్తకంలో ముద్ర వేయించుకోవాలి. నాన్న వెంట నేను మొదటిసారి పోస్టాఫీసు గడప తొక్కింది ఆ పని మీదే. 1980ల నడుమ ప్రభుత్వం ఆ లైసెన్సు ఎత్తేసింది. అంతకు ముందు నాలుగైదేళ్లు కౌంటర్ ఇవతల కూర్చుని నేనే ఎంతోమందికి ఆ పుస్తకం మీద ముద్ర వేశాను. చేతులకు రంగులంటిన అద్దకపు పనివాళ్లు, రిక్షా తొక్కేవాళ్లు, బడ్డీ కొట్టువాళ్లు వచ్చేవాళ్లు. పాట వినడానికి సర్కారుకు పన్ను కట్టడం ఇప్పటి పిల్లలకు నవ్వులాట. ఆ పుస్తకాన్ని వాళ్లు భూమి పట్టాలాగా గుడ్డలో చుట్టి తెచ్చేవారు.

"పూట గడవడమే కష్టం, వీళ్లకి రేడియో ఎందుకు?" అని మా చుట్టాల్లోనే అన్నవాళ్లు ఉన్నారు. ఈ మాట మనందరం ఎక్కడో ఒకచోట విన్నదే. పని మనిషి కూతురికి కొత్త ఫోను చూసి అంటాం. ఆటో నడిపే అతను పిల్లల్ని ఐస్‌క్రీమ్ పార్లర్‌కి తీసుకొస్తే అంటాం. షావుకారు తాగితే అలవాటు, కూలీ మనిషి తాగితే దుబారా — కాఫీ ఒకటే. ఆడమ్ స్మిత్ అనే ఆర్థికవేత్త 1776లో అచ్చయిన తన పుస్తకంలో నేత బట్ట సంగతే ఒకటి చెప్పాడు. నార చొక్కా లేకపోయినా మనిషి బతకగలడు. పూర్వం గ్రీకులు, రోమన్లు అది లేకుండానే సుఖంగా బతికారు. కానీ తన కాలంలో అది లేకుండా నలుగురిలోకి రావడానికి రోజుకూలీ కూడా సిగ్గుపడతాడు, కనక దాన్నీ అవసరాల్లోనే లెక్కించాలి అన్నాడు. బతకడానికి కావలసింది వేరు, మనిషిలాగా బతకడానికి కావలసింది వేరు అన్నమాట. రెండో దాన్ని తూచడానికి కాటా ఎవరి దగ్గరా లేదు. ఎవరిది వాళ్లే తూచుకోవాలి.

తూచుకోవడానికి నేను వాడే చిన్న పరీక్ష ఒకటుంది. అవసరం, విలాసం, ఆర్భాటం — ఈ మూడూ వేరు. ఒక వస్తువు కొనాలనిపించినప్పుడు నన్ను నేను అడుగుతాను: "ఇది నా దగ్గర ఉన్నట్టు ఎవరికీ తెలియకపోయినా నాకు కావాలా?" కావాలి అంటే అది విలాసం. తెలియకపోతే ఎందుకులే అంటే అది ఆర్భాటం. సామాన్య జీతంలో విలాసానికి చోటుంది. ఆర్భాటానికి ఎంత జీతంలోనూ చోటు చాలదు, ఎందుకంటే దాని కొలత మన చేతిలో ఉండదు, పక్కింటివాళ్ల చేతిలో ఉంటుంది.

ఈ బడిలోనే దానికి నాకొక మంచి ఉదాహరణ దొరికింది. మా లెక్కల మాస్టారు. పేరు చెప్పను, మా బ్యాచ్ వాళ్లకు చెప్పనక్కర్లేదు. రెండే చొక్కాలు, సైకిలు, పెద్ద సంసారం. కానీ జేబులో రాజమండ్రి రత్నం పెన్ను ఉండేది. స్వదేశీ ఉద్యమ కాలంలో, 1932లో మొదలై గాంధీగారి మెప్పు పొందిన పెన్ను అది. చేత్తో కడైలు పట్టి చేసేవారు. ఒకసారి మాలో ఒక కొంటె కుర్రాడు, "మాస్టారూ, మీ చొక్కా కన్నా మీ పెన్ను ఖరీదెక్కువ కదండీ" అన్నాడు. అందరం బిగుసుకుపోయాం. ఆయన నవ్వి, "నా జీతానికి ఎక్కువేరా. మీ నోటుపుస్తకాలకు ఎక్కువ కాదు" అన్నారు. ఆ పెన్నుతో పడిన ఒప్పు గుర్తు కోసం మేం ఇంటి లెక్కలు చేసేవాళ్లం. రెండు చొక్కాల మనిషి మంచి పెన్ను కొనుక్కోవడంలో తప్పు లేదని, పైగా అందులో ఒక మర్యాద ఉందని నాకు తెలిసింది అప్పుడే.

ఇక ఎలా అన్న సంగతికి వస్తాను. నేను ఉద్యోగంలో చేరినప్పుడు మూడో పే కమిషన్ స్కేలు. నా మూల వేతనం 260 రూపాయలు. దానికి భత్యాలు కలిసేవి. తర్వాత పెళ్లయింది. మావారు ఆర్టీసీ గ్యారేజీలో మెకానిక్. రెండు జీతాలు, ఇద్దరు పిల్లలు, అటు నాన్నవాళ్లు, ఇటు అత్తగారివాళ్లు. అందులోనే మేం చేసినవీ, కౌంటర్ దగ్గర నేను చూసినవీ నాలుగు పద్ధతులు చెబుతాను. ఇవి నా సొంత తెలివి కాదు. చాలామటుకు మా ఖాతాదారులు నేర్పినవే.

మొదటిది: డబ్బుకి పేరు పెట్టడం. 1980ల్లో మా కౌంటర్‌కి పొగాకు గ్రేడింగ్‌కి వెళ్లే ఒకావిడ వచ్చేది. అప్పటికే కూతురి పేరున ఒక రికరింగ్ డిపాజిట్ ఉంది. నెలకు పది రూపాయలతో ఇంకొకటి తెరవమంది. "ఇదెవరి పేరునమ్మా?" అన్నాను. "నా పేరునే. ఉయ్యాల బల్లకి" అంది. చిన్నప్పుడు ఎవరో పెద్దవాళ్ల ఇంట్లో పని చేసిందట. ఆ ఇంటి వసారాలో ఉయ్యాల బల్ల ఉండేదట. తుడవడమే తప్ప దాని మీద కూర్చోలేదట. అయిదేళ్లు, 60 నెలలు, ఒక్క వాయిదా తప్పలేదు. 600 రూపాయలు, దాని పైన వడ్డీ తీసుకుని వెళ్లి, ఎవరో అమ్మేసిన పాత టేకు బల్ల కొని, తన పెంకుటింటి దూలానికి గొలుసులు వేయించుకుంది. ఆ తర్వాత కౌంటర్‌కి వచ్చినప్పుడల్లా "ఊగుతున్నావా?" అని నేను, "రోజూ సాయంత్రం" అని ఆవిడ. అదే పది రూపాయలు చీర కొంగున ఉండి ఉంటే నెల తిరక్కుండానే ఏ మందులకో, ఏ చేబదులుకో పోయేవి. పాస్‌బుక్కులో పడ్డ పదికి పేరుంది కనక నిలబడింది.

ఇప్పుడు పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్ కనీసం నెలకు 100 రూపాయలు. గడువు ఈనాటికీ అయిదేళ్లే. నెలకు 500 కడితే అయిదేళ్లకు మనం కట్టేది 30,000, ఇప్పటి వడ్డీతో చేతికొచ్చేది 35 వేలు దాటుతుంది. కానీ వడ్డీ కన్నా గొప్ప లాభం ఇంకొకటుంది. ఆ అయిదేళ్లలో మీ కోరిక నిజమైనదో కాదో తేలిపోతుంది. నిజం కానిది రెండో ఏడే మర్చిపోతారు.

రెండోది: ధరను వాడకంతో భాగించడం. మా లెక్కల మాస్టారు బతికుంటే ఈ భాగహారానికి ఒప్పు పెట్టేవారు. 12,000 పెట్టి మంచి పరుపు కొంటే, పదేళ్లు వాడితే 3,650 రాత్రులు. రాత్రికి మూడు రూపాయల ముప్పై పైసలు కూడా పడదు. నడుం నొప్పి ఉన్న మనిషికి ఇది విలాసమూ కాదు, మందు. అదే 12,000 పెట్టి కొన్న పెళ్లి చీర మూడుసార్లు కట్టి బీరువాలో పెడితే కట్టుకు నాలుగు వేలు. నేతగాడి కూతురిని అయ్యుండి చీర కొనొద్దని నేను చెప్పను. ఎన్నో ఇళ్ల అన్నం అది. తప్పు చీరలో లేదు, బీరువాలో ఉంది. మా చీరాల కుప్పడం చీర ఒకటి ఆరు వేలకు కొని, నెలకొకసారి పదేళ్లు కట్టండి. 120 కట్లు. కట్టుకు 50 రూపాయలు. నేసినవాడికి మజూరీ, కట్టినవాళ్లకు సంతోషం. మంచి చెప్పులు, మంచి కళ్లజోడు, వంటింట్లో మంచి కత్తిపీట, రాత్రిపూట చదువుకోవడానికి మంచి దీపం — రోజూ ముట్టుకునే వస్తువు కాస్త మంచిది కొనుక్కోండి. ఏడాదికొకసారి బయటికి తీసేది మామూలుది చాలు.

మూడోది: వాయిదా ముందా, వస్తువు ముందా అన్నది. మా కాలంలో కోరికకీ వస్తువుకీ మధ్య సర్కారే గోడ కట్టింది. స్కూటర్‌కి ఏళ్ల తరబడి వరస, టెలిఫోన్‌కి వరస, గ్యాస్‌కి వరస. ఆ నిరీక్షణలో డబ్బు కూడేది. అది మా గొప్పతనం కాదు, గత్యంతరం లేకపోవడం. ఇవాళ గోడ లేదు. వేలు ఆనిస్తే వస్తువు రేపు గుమ్మంలో ఉంటుంది. డబ్బు మాత్రం పన్నెండు నెలలు పోతూనే ఉంటుంది. ఈ మాట నేను పిల్లల్ని తప్పుపట్టడానికి అనడం లేదు. మా అమ్మాయి హైదరాబాదులో ప్రైవేటు ఉద్యోగం చేస్తోంది. "అమ్మా, నీకు జీతంలో అద్దె ఎంత పోయేది, బడి ఫీజు ఎంత పోయేది?" అని ఒకసారి అడిగింది. మా పిల్లలు ఈ బడిలోనే చదివారు. ఫీజు నామమాత్రం. దాని జీతంలో అద్దె, బడి ఫీజు పోగా మిగిలేది చూస్తే, మా రోజులే నయమేమో అనిపించింది. కనక వాళ్లు తాగే కాఫీ మీద నేనేమీ అనను. వడ్డీ మీద మాత్రం అంటాను.

చిన్న లెక్క చెబుతాను. క్రెడిట్ కార్డు మీద 40,000 బాకీ ఉందనుకోండి. చాలా కార్డుల్లో వడ్డీ నెలకు మూడు శాతానికి పైనే ఉంటుంది. మూడున్నర అయితే నెలకు 1,400. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, 252. కనీస చెల్లింపు 5 శాతం అయితే, 2,000 కట్టి, ఈ నెల గట్టెక్కాం అనుకుంటాం. ఆ రెండు వేలలో అసలుకి చేరింది 348 రూపాయలు. మిగతా 1,652 దేనికి పోయినట్టు? ఏ సరదాకీ కాదు. ఎప్పుడో అయిపోయిన సరదా నీడకి. ఇక సున్నా వడ్డీ వాయిదాలంటారా, అసలు సున్నా వడ్డీ అనేదే లేదని, ఆ వడ్డీని ప్రాసెసింగ్ ఫీజు లాంటి పేర్లతో దాచి వసూలు చేస్తుంటారని రిజర్వు బ్యాంకే 2013 సెప్టెంబరులో బ్యాంకులకు రాసింది. రికరింగ్ డిపాజిట్ వాయిదా, ఈఎంఐ వాయిదా అన్నదమ్ముల్లా కనిపిస్తాయి. ఒకదాంట్లో వడ్డీ మనకొస్తుంది, రెండో దాంట్లో మన దగ్గర్నించి పోతుంది. తప్పని వాటికి అప్పు చేయండి. ఇల్లుంది, వైద్యముంది. సరదాకి మాత్రం ముందు కట్టి తర్వాత తెచ్చుకోండి. అప్పుడది పూర్తిగా మీది.

నాలుగోది నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది. అదే ఈ ప్రసంగానికి పేరు: లెక్క అడగని డబ్బు. పెళ్లైన కొత్తలో నేనూ మావారూ ఒక ఒప్పందం చేసుకున్నాం. ఇద్దరి జీతాలూ ఒకచోట పెట్టి ఇంటి ఖర్చులన్నీ పుస్తకంలో రాస్తాం. అందులోంచి నెలకు చెరో 20 రూపాయలు విడిగా తీసుకుంటాం. ఆ ఇరవై ఏం చేశావని ఆయన నన్ను అడగకూడదు, నేను ఆయన్ని అడగకూడదు. జీతాలు పెరిగిన కొద్దీ అది 50 అయింది, 100 అయింది, ఆఖరికి 500 దాకా వచ్చింది. నియమం మాత్రం మారలేదు.

ఆయన తన వాటాతో ఘంటసాల పద్యాల క్యాసెట్లు కొనుక్కునేవారు. గ్రీజు మరకల చేతులు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని, అప్పుడు క్యాసెట్ ముట్టుకునేవారు. నేను మైసూర్ శాండల్ సబ్బు కొనుక్కునేదాన్ని. విశ్వేశ్వరయ్య గారు మైసూరు దివానుగా ఉన్న రోజుల్లో, 1916లో పెట్టిన సర్కారు ఫ్యాక్టరీ సబ్బు అది. ఇంటిల్లిపాదికీ ఒక ఎర్ర సబ్బు ఉండేది. గూట్లో పైఅరలో నా గంధపు సబ్బు ఉండేది. పిల్లలకు పుట్టినరోజున, పండగ రోజున మాత్రం దొరికేది. నవ్వకండి. పొద్దున్నే లేచి నలుగురికి వండి, రోజంతా కౌంటర్ దగ్గర నిలబడ్డ జనానికి జవాబు చెప్పి, సాయంత్రం అత్తగారికి మందులిచ్చే ఆడదానికి, రోజులో పది నిమిషాలు గంధం వాసన తనదని ఉండడం చిన్న సంగతి కాదు. ఈనాటి ధరల్లో అయినా అది రోజుకు రెండు మూడు రూపాయల ముచ్చట.

కౌంటర్ దగ్గర ఈ నియమం లేని ఇళ్లను కూడా చూశాను. భర్తకు తెలియకుండా ఖాతా తెరిచి పాస్‌బుక్కు పక్కింట్లో దాచుకునే ఆడవాళ్లు ఉండేవారు. భార్యకు చెప్పకుండా కొన్న చేతి గడియారాన్ని "ఆఫీసులో ఇచ్చారు" అని చెప్పుకునే మగవాళ్లు ఉండేవారు. డబ్బు కొరత వల్ల వచ్చిన గొడవల కన్నా, ప్రతి రూపాయికీ సంజాయిషీ చెప్పుకోవలసి రావడం వల్ల వచ్చిన గొడవలే నాకు ఎక్కువ కనిపించాయి. సంపాదించేది ఒక్కరే అయినా ఈ వాటా ఇద్దరికీ ఉండాలి. ఇంట్లో ఉండే ఇల్లాలికి మరీ ఉండాలి. అది చేయి చాచి అడిగేది కాకూడదు, ఒకటో తారీఖున తనంతట తాను వచ్చేది కావాలి.

ఇంకో మాట. చాలామంది మంచివాళ్లు సరదాలన్నిటినీ ఒకే పెట్టెలో వేసి తాళం పెడతారు. ఆ పెట్టె పేరు "రిటైరయ్యాక". నేను ఎన్నో రిటైర్మెంట్ డబ్బులు నా చేత్తో లెక్కపెట్టి ఇచ్చాను. ఆ డబ్బు తీసుకున్నవాళ్లలో మోకాళ్లు బాగున్నవాళ్లు తక్కువ. మావారికి కొండలంటే ఇష్టం. సముద్రం పక్కన పెరిగినవాళ్లకు కొండల మీద ఆశ ఉంటుందేమో. అరకుకి అని పేరు పెట్టి ఒక ఖాతా వేశాం. 1994లో పిల్లలతో కలిసి వెళ్లాం. విశాఖపట్నంలో పొద్దున్నే కిరండూల్ పాసింజరు ఎక్కాం. ఆ దారిలో యాభైకి పైగా సొరంగాలు. పిల్లలు లెక్కపెడుతూ మధ్యలో తప్పిపోయి దెబ్బలాడుకున్నారు. ఆయన తలుపు దగ్గర నిలబడి, సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలతో పాటు కేకలు వేశారు. మెకానిక్ కదా, ఇంజను కొండెక్కుతున్న చప్పుడు విని ఎక్కడ ఎంత లోడు పడుతోందో నాకు చెబుతూ వచ్చారు. అప్పట్లో చుట్టాలు "ఇంకా ఇల్లు కట్టలేదు, వీళ్లకు అరకు ఏమిటి" అన్నారు. ఇల్లు ఆ తర్వాత ఆరేళ్లకు కట్టాం. ఆయన 58 నిండి 2009లో రిటైరయ్యారు. 2011లో గుండెపోటుతో పోయారు. రిటైరయ్యాక వెళదాం అనుకుని ఉంటే ఆ రెండేళ్లలో ఏదో ఒకటి అడ్డం వచ్చేది. ఆయన దాచిపెట్టినవి ఇంట్లో చాలానే ఉన్నాయి. ఖర్చుపెట్టిన వాటిలో నాకు మిగిలింది ఆ కేకలు. అవి ఏ పాస్‌బుక్కులోనూ లేవు కనక వాటి మీద నాకు ఎప్పుడూ వడ్డీ వస్తూనే ఉంది.

ఇంత చెప్పాక ఒక నిజం కూడా చెప్పాలి. ఈ పద్ధతులన్నీ నెల తిరిగేసరికి ఎంతో కొంత తప్పకుండా వచ్చే మనిషికే పనికొస్తాయి. నా జీతం చిన్నదే, కానీ ఒకటో తారీఖున వచ్చేది. మా నాన్న మజూరీ అలా వచ్చేది కాదు. ఆయన రేడియో కొన్న ఏడు ఎందుకు కొనగలిగారంటే, ఆ ఏడు మగ్గం ఆగలేదు. అంతే. తర్వాత నూలు ధర పెరిగి పని తగ్గిన రోజుల్లో బ్యాటరీలు కొనలేక రేడియో నెలల తరబడి మూగగా ఉండేది. పొదుపు తెలియక కాదు. చిన్న సరదాకి పెద్ద జీతం అక్కర్లేదు, ఆగని జీతం కావాలి. ఇక్కడ మనలో ఫ్యాక్టరీలు, ఆసుపత్రులు, దుకాణాలు నడుపుతున్నవాళ్లు ఉన్నారు. పది మందికి పని ఇచ్చేవాళ్లు ఉన్నారు. మీ దగ్గర పనిచేసేవాళ్లకు పొదుపు పాఠాలు చెప్పే ముందు, జీతం అనుకున్న తారీఖున వేయండి. ఆ ఒక్క పని చేస్తే మిగతాది వాళ్లే చూసుకుంటారు. ఉయ్యాల బల్ల కొన్నావిడకు నేనేమీ నేర్పలేదు.

చివరిగా సంఘం వారికి ఒక విన్నపం. మన సంఘం ఏటా పేద పిల్లలకు సాయం చేస్తోంది. ఫీజు, యూనిఫారం, పుస్తకాలు. చాలా మంచి పని. ప్రతి దానికీ రసీదు పెట్టాలని నియమం. అదీ మంచిదే, నేను లెక్కల కౌంటర్ మనిషిని, రసీదు విలువ నాకు తెలుసు. కానీ అందరికీ ఇచ్చే యూనిఫారంలో, అందరికీ ఇచ్చే నోటుపుస్తకంలో ఆ పిల్లకు తనది అనేది ఏదీ లేదు. సాయం పొందే పిల్లలు దాన్ని జాగ్రత్తగా వాడుకుంటారు, తల వంచుకుని థాంక్స్ చెబుతారు. ఆ తల ఎత్తడానికి ఇంకో 500 రూపాయలు చాలు. ఒక్కొక్కరికి ఏడాదికి 500, రసీదు లేకుండా. రంగుల పెట్టె కొనుక్కుంటుందో, జడకి క్లిప్పులు కొనుక్కుంటుందో, తమ్ముడికి బంతి కొంటుందో, ఒకరోజు అమ్మను హోటల్‌కి తీసుకెళ్లి దోసె తినిపిస్తుందో — అడగొద్దు. కొందరు వృథా చేస్తారు. చేయనివ్వండి. డబ్బును తన ఇష్టప్రకారం ఖర్చుపెట్టడం కూడా బడిలో నేర్చుకోవలసిన పాఠమే. ఎప్పుడూ అవతలివాళ్లు చెప్పిందే కొన్న పిల్లకు, పెద్దయ్యాక తనకేం కావాలో తెలియదు.

మొదటి ఏడు ఇరవై మంది పిల్లలకు కావలసిన పది వేలు నేను ఇవాళే కోశాధికారి గారికి ఇస్తున్నాను. ఇది ఇంటి ఖర్చులోంచి తీసింది కాదు. మావారు పోయాక కూడా నెలనెలా ఆయన వాటా 500 విడిగా తీసి పెడుతూనే ఉన్నాను. అలవాటు తప్పలేదు. అందులోది. ఆ డబ్బు ఏం చేశావని ఆయన నన్ను ఎలాగూ అడగరు. నాకు రసీదు మాత్రం ఇప్పించండి, ఎందుకంటే నేను పోస్టాఫీసు మనిషిని. పిల్లల్ని మాత్రం అడగకండి.

రెండో ఏడుకి ఎవరిస్తారో మీరు టీ తాగేటప్పుడు మాట్లాడుకోండి. కార్యదర్శి గారు గడియారం చూస్తున్నారు.